1911లో పోర్చుగల్ తొలి అధ్యక్ష ఎన్నిక: జనాన్ని ఎందుకు అడగలేదు?

చరిత్ర_చదువరి

ఈ విభాగంలో ఫ్రాన్సు మీద, రష్యా మీద థ్రెడ్లు బోలెడున్నాయి. పోర్చుగల్ మీద ఒక్కటీ కనబడలేదు, అందుకే మొదలుపెడుతున్నాను.

తెలియనివాళ్ల కోసం నేపథ్యం క్లుప్తంగా. 1910 అక్టోబరు 5న లిస్బన్‌లో రాజరికం కూలింది. రెండో మనుయెల్ రాజు ఎరిసెయిరా తీరంలో ఓడెక్కి జిబ్రాల్టర్‌కి, అక్కణ్నుంచి ఇంగ్లండుకి వెళ్లిపోయాడు. తియోఫిలో బ్రాగా అనే కవి, పండితుడు తాత్కాలిక ప్రభుత్వానికి పెద్ద అయ్యాడు. 1911 మే 28న రాజ్యాంగ సభకు ఎన్నికలు జరిగాయి, జూన్ 19న సభ కొలువుదీరింది, ఆగస్టు 21న రాజ్యాంగం ఆమోదం పొందింది. మూడు రోజులు తిరక్కుండానే, ఆగస్టు 24న, ఆ సభే దేశానికి తొలి అధ్యక్షుణ్ని ఎన్నుకుంది. మనుయెల్ ది అరియాగాకు 121 ఓట్లు, బెర్నార్దినో మషాదోకు 86. ఇంకొందరి పేర్లు రాసినవాళ్లూ ఉన్నారు గానీ అవి లెక్కలోకి రావు.

నన్ను వదలకుండా పట్టుకున్న ప్రశ్న ఇది. రాజును దించింది ప్రజల పేరు చెప్పి. మరి ఆ స్థానంలో కూర్చునే మనిషిని ఎంచుకునే పని ప్రజలకు ఎందుకు ఇవ్వలేదు? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ రిపబ్లిక్ పదహారేళ్లకే కూలిపోవడానికి బీజం ఆ 121 ఓట్ల రోజే పడింది. ఒప్పుకోనివాళ్లు ఉంటారని తెలుసు, వాదించండి.

లా_స్టూడెంట్_గుంటూరు

మంచి టాపిక్ అండీ. ముందు నియమాలు చూద్దాం, వాదన తర్వాత చేద్దాం.

తొలి ఎన్నిక రాజ్యాంగ సభ జరిపింది గానీ, ఆ తర్వాతి ఎన్నికల్లో 1911 రాజ్యాంగం 38వ అధికరణం ప్రకారం అధ్యక్షుణ్ని ఎన్నుకునేది కాంగ్రెస్, అంటే రెండు సభలూ కలిసి కూర్చున్న సమావేశం. ఓటు రహస్యం. గెలవాలంటే సభ్యుల్లో మూడింట రెండొంతుల మంది ఓట్లు రావాలి. రెండు విడతల్లోనూ ఎవరికీ అన్ని రాకపోతే, మూడో విడత మొదటి ఇద్దరి మధ్యే జరుగుతుంది, అందులో ఎవరికి ఎక్కువొస్తే వాళ్లే. పదవీకాలం నాలుగేళ్లు, వెంటనే రెండోసారి ఎన్నికయ్యే వీల్లేదు. వయసు ముప్పై అయిదు దాటాలి. పూర్వం ఏలిన రాజవంశాలవాళ్లు అసలు అర్హులే కారు.

నాకు బాగా నచ్చిన వివరం ఒకటుంది. పదవీకాలం ముగియడానికి సరిగ్గా అరవయ్యో రోజున, ఎవరూ పిలవకపోయినా, కాంగ్రెస్ తనంతట తానే సమావేశం కావాలి. పదవీకాలం ముగిసేది విప్లవం రోజైన అక్టోబరు 5న. వెనక్కి లెక్కపెడితే ఆగస్టు 6 వస్తుంది. 1915లో, 1919లో, 1923లో మూడుసార్లూ ఎన్నిక ఆగస్టు 6నే జరిగింది. ప్రధానమంత్రికి ఇష్టం లేదనో, అధ్యక్షుడు సంతకం పెట్టలేదనో దాన్ని ఆపడం కుదరదు. ఈ ఒక్క ఏర్పాటు చూసినా ఆ సభ్యులకు దేనిమీద భయం ఉండేదో అర్థమవుతుంది. ఒక్క మనిషి చేతిలో దేశం పడిపోకూడదు, అంతే.

అందుకే అధ్యక్షుడికి పార్లమెంటును రద్దు చేసే అధికారం ఇవ్వలేదు. ఆయన ఏ ఉత్తర్వు ఇచ్చినా మంత్రి సంతకం కూడా ఉండాలి, లేకపోతే అది చెల్లదు. పైగా మూడింట రెండొంతుల మంది తలచుకుంటే కాంగ్రెస్ ఆయన్ని తీసేయొచ్చు.

లిస్బన్_నుంచి

ఇక్కడ ఉద్యోగం చేసుకుంటున్నాను కాబట్టి కొంచెం స్థానిక సమాచారం ఇస్తాను.

ఎన్నిక జరిగింది సావ్ బెంతో భవనంలో. అది ఒకప్పటి బెనెడిక్టిన్ మఠం. 1895లో అగ్నిప్రమాదంలో ప్రతినిధుల సభ కాలిపోతే, వెంతురా తెర్రా అనే వాస్తుశిల్పి అర్ధచంద్రాకారంలో కొత్త హాలు కట్టాడు. ఈ రోజుకీ పార్లమెంటు అందులోనే కూర్చుంటోంది. 1911లో రాజ్యాంగ సభకు అధ్యక్షత వహించింది అన్సెల్మో బ్రామ్‌కాంప్ ఫ్రెయిరే అనే చరిత్రకారుడు. గెలిచాక అరియాగా చేసిన ప్రమాణంలో దేవుడి ప్రస్తావన లేదు. 'నా గౌరవం సాక్షిగా' రాజ్యాంగాన్ని కాపాడతానని చెప్పాలి. చర్చినీ ప్రభుత్వాన్నీ వేరు చేసే చట్టం అంతకు నాలుగు నెలల ముందే, ఏప్రిల్ 20న వచ్చింది.

అసలు రాజకీయం ఆ 121, 86 అంకెల వెనక ఉంది. అప్పటికి రిపబ్లికన్ పార్టీ ఒక్కటే. లోపల మాత్రం ముగ్గురు నాయకులు. అఫోన్సో కోస్తా వర్గం మషాదోను నిలబెట్టింది. అంతోనియో జోసె ది అల్మెయిదా, బ్రితో కమాషో చేతులు కలిపి అరియాగాను ముందుకు తెచ్చారు. మషాదో అప్పటికి విదేశాంగ మంత్రి, అరవై ఏళ్లవాడు, చురుకైన మనిషి. అరియాగాకు డెబ్బై ఒకటి. అజోర్స్ దీవుల్లో పుట్టాడు. చదువుకునే రోజుల్లోనే రిపబ్లికన్ భావాలు పట్టుబడ్డాయని తండ్రి డబ్బు పంపడం మానేస్తే, ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుంటూ కోయింబ్రాలో లా పూర్తిచేశాడు. అందరూ గౌరవించే పెద్దాయన, వెనక సొంత వర్గం అంటూ లేదు. కోస్తాను అడ్డుకోవాలనుకున్నవాళ్లకు అలాంటి మనిషే కావాలి.

ఏడాది తిరక్కుండానే ఆ పార్టీ మూడు ముక్కలైంది. కోస్తావాళ్లు డెమొక్రాట్లు, అల్మెయిదావాళ్లు ఎవల్యూషనిస్టులు, కమాషోవాళ్లు యూనియనిస్టులు. అధ్యక్ష ఎన్నికలో ఎవరు ఎటు ఉన్నారో, చీలిక కూడా ఆ గీత వెంబడే నడిచింది.

మూసీ_ఒడ్డు

'జనాన్ని ఎందుకు అడగలేదు' అంటున్నారు. అసలు అప్పటి పోర్చుగల్‌లో ఓటున్న జనం ఎంతమందో చూడాలి కదా.

1911లో దేశంలో దాదాపు నాలుగింట మూడొంతుల మందికి చదవడం రాయడం రాదు. చట్టం ప్రకారం ఇరవై ఒకటి దాటి, అక్షరాస్యులై ఉండాలి, లేదా కుటుంబ పెద్ద అయి ఉండాలి. ఇక చాలా నియోజకవర్గాల్లో సీట్లెన్నో అభ్యర్థులూ అంతమందే కావడంతో పోలింగే జరగలేదు, అలాగే ఎన్నికైనట్టు ప్రకటించారు. అంటే అధ్యక్షుణ్ని ఎన్నుకున్న సభనే పూర్తిగా జనం ఎన్నుకోలేదు. పరోక్ష ఎన్నికలో తప్పంతా పైమెట్టు మీద వేయడం నాకు సరిగ్గా అనిపించడం లేదు. కింది మెట్టు కదులుతున్నప్పుడు పైన ఎంత గట్టిగా కట్టినా నిలవదు.

ఆ మే 28 ఎన్నికలో జరిగిన ఒక విషయం ఇక్కడ చెప్పి తీరాలి. కరోలినా బెయత్రీష్ ఆంజెలో అనే డాక్టరమ్మ. భర్త పోయారు, కూతురుంది. చట్టంలో ఓటరు మగవాడే అయి ఉండాలని ఎక్కడా రాయలేదు. 'నేను చదువుకున్నాను, ఇరవై ఒకటి దాటాను, నా కుటుంబానికి పెద్దను నేనే' అని దరఖాస్తు పెట్టుకుంది. కాదన్నారు. కోర్టుకు వెళ్లింది. జడ్జి ఆమె పక్షాన తీర్పిచ్చాడు. ఆ రోజు లిస్బన్‌లో ఓటు వేసింది. ఆ దేశంలో ఓటు వేసిన మొదటి మహిళ ఆవిడే. అదే ఏడాది అక్టోబరు 3న చనిపోయింది, రిపబ్లిక్ మొదటి వార్షికోత్సవానికి రెండు రోజుల ముందు. 1913లో చట్టం మార్చి, అక్షరాస్యులైన మగవాళ్లకే ఓటు అని స్పష్టంగా రాసేశారు. కుటుంబ పెద్దల వెసులుబాటు కూడా తీసేశారు. రిపబ్లిక్ తన తలుపు తనే మూసుకుంది. దీని మీద నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

కొత్తగా_చేరాను

అందరికీ నమస్కారం. నాకొక డౌటు. మన రాష్ట్రపతి ఎన్నిక కూడా పరోక్షమే కదా. మనకు పనిచేసిన పద్ధతి వాళ్లకెందుకు పనిచేయలేదు? ఇంకోటి, గోవా అప్పుడు వాళ్లదే కదా, దీని ప్రభావం అక్కడేమైనా ఉందా?

లా_స్టూడెంట్_గుంటూరు

@కొత్తగా_చేరాను మంచి ప్రశ్న. రెండిటికీ తేడా ఓటు వేసే తీరులోనే ఉంది.

మన దగ్గర ఎంపీలతో పాటు ఎమ్మెల్యేలు కూడా వేస్తారు, కాబట్టి ఢిల్లీలో ఒక్క పార్టీ చేతిలోనే అంతా ఉండదు. ఇక మనవాళ్లు ప్రాధాన్య ఓటు పెట్టారు. 1969 గుర్తుందిగా, వి.వి.గిరి గారు, నీలం సంజీవరెడ్డి గారు పోటీపడ్డారు. ఇద్దరూ తెలుగువాళ్లే. మొదటి ప్రాధాన్యంలో ఎవరికీ కావలసినన్ని రాలేదు. మిగతా అభ్యర్థుల ఓట్లలో రెండో ప్రాధాన్యాలు లెక్కపెట్టాక గిరి గారు 4,20,077 విలువతో గెలిచారు, రెడ్డి గారికి 4,05,427. ఓటరు తన రెండో మాట కూడా ఆ కాగితం మీదే ముందుగా రాసేశాడు. మధ్యలో బేరాలకు తావు లేదు.

పోర్చుగల్‌లో అలా కాదు. ఒక విడత అయ్యాక అంకెలు చదువుతారు, అందరూ అదే భవనంలో ఉంటారు, తర్వాతి విడతకు మళ్లీ చీటీలు రాస్తారు. ఎవరు ఎవరికి ఏం మాటిచ్చారనేది ఆ మధ్య సమయంలో తేలుతుంది. 1915 ఆగస్టు 6న మషాదో గెలిచింది ఇలాగే, మూడో విడతలో, 179లో 134 ఓట్లతో. 1919లో అల్మెయిదా కూడా మూడో విడతలోనే. 1923లో తెషైరా గోమిష్ కూడా అంతే. మూడింట రెండొంతుల నియమం ఉద్దేశం అన్ని పార్టీలకూ నచ్చే మనిషి రావాలని. కానీ మూడో విడతలో ఆ నియమం పోతుందని అందరికీ తెలుసు కాబట్టి, మొదటి రెండు విడతలూ బలాబలాలు చూసుకోవడానికే సరిపోయేవి.

లిస్బన్_నుంచి

గోవా గురించి ఒక్క మాట. రాజరికంలో క్యాథలిక్ మతం రాజ్యమతం. రిపబ్లిక్ వచ్చాక గోవాలో హిందువులకు చట్టం ముందు సమాన హోదా దక్కింది, చదువుల్లో, ఉద్యోగాల్లో, పత్రికల్లో వాళ్లు ముందుకొచ్చారు. ఇది పెద్ద విషయం, వేరే థ్రెడ్ పెట్టుకుంటే బాగుంటుంది.

చరిత్ర_చదువరి

@మూసీ_ఒడ్డు మీరు చెప్పిన కింది మెట్టు సంగతి ఒప్పుకుంటాను. కానీ నా వాదన అక్కడితో ఆగదు. అరియాగాకు ఏం జరిగిందో చూడండి.

జనం ఓటుతో రాలేదు, పార్టీ లేదు, సభను రద్దు చేయలేడు. కోస్తా వర్గం రోజురోజుకీ బలపడుతోంది. 1915 జనవరిలో సైన్యంలో అసంతృప్తి బయటపడింది. పెద్దాయన ఎటూ దారి కనబడక పిమెంతా ది కాస్త్రో అనే జనరల్‌కి ప్రభుత్వం అప్పగించాడు. ఆ జనరల్ పార్లమెంటు తలుపులు మూయించాడు. మార్చి 4న సభ్యులు లిస్బన్ వదిలి, లోరెష్ దగ్గర మిత్రా భవనంలో సమావేశమయ్యారు. అధ్యక్షుడూ ప్రధానీ ఇద్దరూ చట్టం బయటివాళ్లని అక్కడ ప్రకటించారు. 1911లో అరియాగాను ఎన్నుకున్న సభ్యుల్లో చాలామంది ఆ గదిలో ఉన్నారు.

మే 14న లిస్బన్‌లో తిరుగుబాటు, వీధుల్లో నెత్తురు. కొత్త ప్రధానిగా పేరు ప్రకటించిన జువావ్ షాగష్ రైల్లో వస్తుంటే ఒక సెనేటరే తుపాకీతో కాల్చాడు, ఒక కన్ను పోయింది. మే 26న అరియాగా రాజీనామా చేశాడు. మూడు రోజుల్లో, మే 29న, కాంగ్రెస్ తియోఫిలో బ్రాగాను 98 ఓట్లతో ఎన్నుకుంది. మిగిలిన నాలుగు నెలల కోసం ఒక పండితుణ్ని కూర్చోబెట్టారు. ట్రామ్‌లో ఆఫీసుకు వెళ్లే అధ్యక్షుడని ఆయనకు పేరు. మంచి మనిషే. కానీ దేశం తగలబడుతుంటే ఆయన చేతిలో ఏముంది చెప్పండి?

సభ తనను ఎన్నుకుంటుంది, ఆ సభే తనను వెలివేయగలదు, తను మాత్రం జనం దగ్గరికి వెళ్లి తీర్పు అడగలేడు. అరియాగా తప్పు చేశాడు, కాదనను. ఆ తప్పు తప్ప వేరే దారి లేకుండా చేసింది ఆ రాజ్యాంగం.

ఉత్తరాంధ్ర_పాఠకురాలు

ఇంతసేపూ చదువుతూ ఉన్నాను, ఇక ఆగలేక రాస్తున్నాను. జనం నేరుగా ఎన్నుకుంటే బాగుపడేదని మీరంటున్నారు. ఆ ప్రయోగం కూడా జరిగింది కదండీ! 1918లో.

1917 డిసెంబరులో సిదోనియో పాయిస్ అనే ఆర్మీ మేజర్ కుట్ర చేసి అధికారం పట్టాడు. కోయింబ్రాలో గణితం చెప్పిన ప్రొఫెసర్, బెర్లిన్‌లో రాయబారిగా చేసినవాడు. మషాదోను దేశం నుంచి పంపించేశాడు. ఒక డిక్రీతో మగవాళ్లందరికీ, చదువు లేకపోయినా, ఓటిచ్చాడు. 1918 ఏప్రిల్ 28న అధ్యక్షుణ్ని జనం నేరుగా ఎన్నుకున్నారు. అభ్యర్థి ఒక్కడే, ఆయనే. నాలుగు లక్షల డెబ్బై వేలకు పైగా ఓట్లు. ఊరూరా జనం ఆయన్ని చూడటానికి ఎగబడ్డారు. పాత పార్టీలు ఎన్నికల్ని బహిష్కరించాయి. ఆ జనం ఓటు చేతిలో పెట్టుకుని ఆయన పార్లమెంటును పక్కనపెట్టి సొంతంగా పాలించాడు. జైళ్లు నిండాయి. డిసెంబరు 14న లిస్బన్ రోసియో స్టేషన్లో ఆయన్ని కాల్చి చంపారు.

రెండు రోజులకే పాత పద్ధతికి తిరిగొచ్చారు. కాంగ్రెస్ సమావేశమై అడ్మిరల్ కాంతో ఇ కాస్త్రోను ఎన్నుకుంది. ఆయన మనసులో రాజరిక వాది. అయినా 1919 జనవరిలో పోర్తోలో రాజరికవాదులు జెండా ఎగరేస్తే, తను ప్రమాణం చేసిన రిపబ్లిక్ వైపే నిలబడ్డాడు. నెల తిరక్కుండానే ఆ తిరుగుబాటు అణిగింది. పరోక్షంగా ఎన్నికైన అధ్యక్షులంతా చేతకానివాళ్లన్నట్టు మాట్లాడితే ఈయనకు అన్యాయం చేసినట్టే.

మూసీ_ఒడ్డు

@ఉత్తరాంధ్ర_పాఠకురాలు చాలా బాగా చెప్పారండీ. ఒక్క విషయం కలుపుతాను. అభ్యర్థి ఒక్కడే ఉన్నప్పుడు ప్రత్యక్షమైనా పరోక్షమైనా దాన్ని ఎన్నిక అనగలమా? 1918ని ప్రత్యక్ష ఎన్నికకు ఉదాహరణగా తీసుకోవడానికి నాకు మనసొప్పడం లేదు.

చరిత్ర_చదువరి

@ఉత్తరాంధ్ర_పాఠకురాలు కాంతో ఇ కాస్త్రో విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను, ఆయన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

కానీ 1918 తర్వాత వాళ్లే ఏం చేశారో చూడండి. 1919లో రాజ్యాంగం సవరించి, అధ్యక్షుడికి పార్లమెంటును రద్దు చేసే అధికారం ఇచ్చారు. అంటే 1911లో ఏదో లోపించిందని వాళ్లే గ్రహించారు. ఆ తర్వాత వచ్చిన అల్మెయిదా నాలుగేళ్లూ పూర్తిచేశాడు. మొత్తం పదహారేళ్లలో పూర్తికాలం నిలిచిన అధ్యక్షుడు ఆయనొక్కడే. 1921 అక్టోబరు 19 రాత్రి మాజీ ప్రధాని అంతోనియో గ్రాంజోను, విప్లవ వీరుల్లో మరికొందరిని చంపేసినప్పుడు కూడా ఆయన పదవిలో నిలబడ్డాడు.

లా_స్టూడెంట్_గుంటూరు

అయితే మీ ప్రశ్నకు మీరే జవాబిచ్చారు అన్నా. లోపం రద్దు అధికారంలో ఉంది, ఎన్నిక పద్ధతిలో కాదు. అల్మెయిదా కూడా పరోక్షంగా ఎన్నికైనవాడే.

అలాగని రద్దు అధికారం అన్నిటికీ మందు కాలేదు. తర్వాత వచ్చిన తెషైరా గోమిష్ రచయిత, లండన్‌లో రాయబారిగా చేసినవాడు. డెమొక్రాట్లకూ మిగతావాళ్లకూ మధ్య నలిగి, 1925 డిసెంబరులో రాజీనామా ఇచ్చి, 'జియూస్' అనే డచ్ సరుకుల ఓడెక్కి వెళ్లిపోయాడు. మళ్లీ పోర్చుగల్ నేల మీద కాలు పెట్టలేదు. 1941లో అల్జీరియాలో చనిపోయాడు. డిసెంబరు 11న కాంగ్రెస్ మళ్లీ మషాదోనే ఎన్నుకుంది, ఈసారి రెండో విడతలో. ఆరు నెలలు కూడా నిలవలేదు. 1926 మే 28న సైన్యం తిరగబడింది, ఆయన అధికారం మెందెష్ కబెసాదష్ చేతిలో పెట్టాల్సి వచ్చింది. 1910లో రాజు మీద తిరగబడిన నౌకాదళ అధికారుల్లో ఈ కబెసాదష్ కూడా ఒకడు.

లిస్బన్_నుంచి

ఇక్కడి అధ్యక్ష భవనం బెలెంలో అధ్యక్షుల మ్యూజియం ఉంది. 2004 అక్టోబరు 5న తెరిచారు. అధ్యక్షుల చిత్రపటాలు వరసగా ఉంటాయి. అరియాగాది కొలుంబానో అనే గొప్ప చిత్రకారుడు వేశాడు. తెల్ల గడ్డం, అలసిన కళ్లు. బ్రాగా పటం, తెషైరా గోమిష్ పటం కూడా ఆయన వేసినవే. అరియాగా బెలెంలో ఉన్నన్నాళ్లూ అద్దె కట్టుకున్నాడు. అధ్యక్షుడు రాజులా కనబడకూడదని ఆ తరం పట్టిన పట్టు అది. అంత నిజాయితీగా మొదలుపెట్టినవాళ్ల మీద నాకు గౌరవం పోలేదు, పోదు కూడా.

ఈ చర్చలో ఎవరూ తాకని కోణం ఒకటుంది. తర్వాత వచ్చిన నియంత సలజార్ 1933 రాజ్యాంగంలో అధ్యక్షుణ్ని నేరుగా ఎన్నుకోవాలని రాశారు! పోటీ లేనంతకాలం ఆయనకు ఇబ్బంది లేదు. 1958లో జనరల్ ఉంబెర్తో దెల్గాదో ఎదురు నిలబడ్డాడు. గెలిస్తే సలజార్‌ను తీసేస్తానని బహిరంగంగా చెప్పాడు. పోర్తోలో వీధులు పట్టనంత జనం. ఫలితాన్ని ప్రభుత్వం తనకు కావలసినట్టు ప్రకటించుకుంది గానీ, భయం పట్టుకుంది. 1959లో రాజ్యాంగం మార్చి, ఎన్నికను తమ గుప్పిట్లో ఉండే ఒక ఎలక్టోరల్ కాలేజీకి అప్పగించారు. 1965లో, 1972లో అమెరికో తొమాష్‌ను ఎన్నుకున్నది ఆ కాలేజీయే.

చరిత్ర_చదువరి

@లిస్బన్_నుంచి ఇది చాలా ముఖ్యమైన పాయింటు. నియంతకు కూడా ఏ పద్ధతి భయం పుట్టించిందో చూడండి. 1911 సభ్యులు ఒక్క మనిషి పెత్తనం వద్దని జనానికి ఓటివ్వలేదు, 1959లో ఒక్క మనిషి పెత్తనం నిలబెట్టుకోవడానికి జనం నుంచి ఓటు లాక్కున్నారు. నా మాట మీదే నేను నిలబడుతున్నాను.

మూసీ_ఒడ్డు

1974 ఏప్రిల్ 25న ఆ నియంతృత్వం కూలిన తర్వాత వాళ్లు ఈ రెండు పాఠాలూ కలిపి రాసుకున్నారనిపిస్తుంది. 1976 రాజ్యాంగంలో అధ్యక్షుణ్ని జనమే నేరుగా ఎన్నుకుంటారు, ఆడ మగ తేడా లేదు, చదువు షరతు లేదు. సగానికి మించి రాకపోతే ఇద్దరి మధ్య రెండో విడత. పార్లమెంటును రద్దు చేసే అధికారం ఉంది, రోజువారీ పాలన మాత్రం ప్రధాని చేతిలో. 1976 జూన్ 27న జనరల్ రమాల్యో ఎయానిష్ అలా ఎన్నికై, రెండు పదవీకాలాలూ పూర్తిచేసి దిగాడు. @చరిత్ర_చదువరి, 1911లోనే ఇది రాసుకుని ఉంటే నిలిచేదంటారా? ఓటర్లలో అత్యధికులు లిస్బన్, పోర్తో బయట, చర్చి మాట వినే పల్లెల్లో ఉన్న రోజులవి. రాజరికవాదులే గెలిచేవారేమో. దీనికి మీ జవాబు వినాలనుంది.

చరిత్ర_చదువరి

గెలిచే అవకాశం ఉందనే నేనూ అనుకుంటున్నాను. ఆ భయమే వాళ్ల చేత 1913 చట్టం కూడా రాయించింది. అయినా ఆ పల్లెల జనాన్ని పదహారేళ్లు బయట నిలబెట్టినందువల్ల, 1926లో సైనికులు లిస్బన్ వైపు నడిచినప్పుడు రిపబ్లిక్ కోసం అడ్డం నిలబడే పల్లె ఒక్కటీ లేకపోయింది.